లైటుకో స్విచ్, ఫ్యానుకో స్విచ్

ప్రశ్న: మా బాత్రూంలో లైటు, ఎగ్జాస్ట్ ఫ్యాను రెండూ ఒకే స్విచ్ మీద ఉన్నాయండి. రాత్రి లైటేస్తే చాలు ఫ్యాను గుర్రుమని పాప లేచిపోతోంది. బోర్డులో ఒక స్విచ్ ఖాళీగానే ఉంది, విడగొట్టొచ్చా?

జవాబు: విడగొట్టొచ్చండీ, కానీ స్విచ్ ఖాళీగా ఉంటే సరిపోదు, వైరు కూడా ఉండాలి. ముందు మెయిన్ ఆపేసి బోర్డు విప్పి చూడండి, మీ స్విచ్ కింది స్క్రూలోంచి రెండు వైర్లు బయటికెళ్తుంటే ఒకటి లైటుది ఒకటి ఫ్యానుది, అదృష్టమే, ఫ్యాను వైరు తీసి రెండో స్విచ్‌కి పెట్టి, మొదటి స్విచ్‌కి వచ్చే ఫేజ్ (కరెంటు తెచ్చే వైరు) నుంచి చిన్న వైరు ముక్కతో రెండోదానికి లూప్ ఇస్తే పనైపోయింది. ఒకటే వైరు వెళ్తుంటే మాత్రం పైన జంక్షన్ బాక్సులో (వైర్లు కలిపే డబ్బాలో) లైటు, ఫ్యాను వైర్లు కలిపేశారన్నమాట, అప్పుడు పైపులోంచి ఇంకో వైరు లాగాలి, పాత పైపుల్లో అది ఇరుక్కుంటే సగం రోజు పోతుంది. న్యూట్రల్ (కరెంటు తిరిగెళ్లే వైరు), ఎర్త్ (షాక్ కొట్టకుండా భూమికి కలిపే వైరు) లైటుకీ ఫ్యానుకీ కామనే, వాటిని కదపక్కర్లేదు. 6 ఆంపుల స్విచ్ చాలు.

ఇంకోటి, ఎరుపు ఫేజ్, నలుపు న్యూట్రల్ అని రంగుని నమ్మేయకండి, కొందరు చేతికి దొరికిన ముక్క వేసేస్తారు, టెస్టర్ పెట్టే చూడాలి. స్విచ్ ఆపినా హోల్డర్ దగ్గర టెస్టర్ వెలిగిందంటే న్యూట్రల్‌కి స్విచ్ వేశారేమో, తడి చేతులతో తిరిగే చోట అది చాలా ప్రమాదం, మీరు ముట్టుకోకుండా ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.