ఎంఆర్ఐ నార్మల్ వచ్చాక మళ్లీ ఈఈజీ ఎందుకు?

మీ తమ్ముడికి రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి, 3 టెస్లా (అయస్కాంత బలానికి కొలత) మెషీన్‌లో తీసిన ఎంఆర్ఐ నార్మల్ అన్నారు, అయినా డాక్టరు ఈఈజీ (తలకు తీగలు అంటించి మెదడు కరెంటును గీతలుగా రికార్డు చేసే టెస్టు) రాశారు, ఇంత పాత టెస్టు ఇప్పుడు దండగ కాదా అని అడిగారు. నేను ఈఈజీ టెక్నీషియన్‌ని. దండగ కాదు, తప్పకుండా చేయించండి.

ఎంఆర్ఐలో కనిపించేది మెదడు ఆకారం. గడ్డ ఉందా, పాత దెబ్బ తాలూకు మచ్చ ఉందా, పుట్టుకతోనే ఏదైనా భాగం సరిగ్గా ఏర్పడలేదా అన్నది తెలుస్తుంది. ఫిట్స్ మాత్రం నాడీకణాల్లో కరెంటు అదుపు తప్పడం వల్ల వస్తాయి, ఆకారం అంతా బాగానే ఉన్నా రావచ్చు. ఆ కరెంటును నేరుగా చూపించేది ఈఈజీ. మనిషి మెదడు నుంచి జర్మన్ డాక్టరు హాన్స్ బెర్గర్ దాన్ని మొదటిసారి రికార్డు చేసింది 1924లో, నిజమే, పాతదే. తల మీద మాకు అందే సిగ్నల్ మైక్రోవోల్టుల్లో ఉంటుంది, పళ్లు కొరికినా రెప్ప కొట్టినా గీతలు చెదిరిపోతాయి, కానీ మిల్లీసెకన్లలో జరిగే మార్పు కూడా అందులో దొరుకుతుంది. మెదడు పనిచేసే తీరును చూపించే ఫంక్షనల్ ఎంఆర్ఐ అని ఇంకో రకం ఉంది, కానీ అది కొలిచేది రక్తంలో ఆక్సిజన్ మార్పును, అది తెలిసేసరికి కొన్ని సెకన్లు గడిచిపోతాయి.

నేను రికార్డు చేసిన ఒక కుర్రాడి సంగతి చెప్తాను. ఎంఆర్ఐ నార్మల్. మెలకువగా ఉన్నంతసేపూ ఈఈజీ కూడా శుభ్రంగానే ఉంది, కునుకు పట్టగానే ఎడమ టెంపోరల్ (కణత) వైపు స్పైకులు, అంటే ఫిట్స్ ధోరణిని చూపే సూదిమొన లాంటి గీతలు, మొదలయ్యాయి. అది చూశాక డాక్టర్లు పాత స్కాన్‌నే మళ్లీ తెరిచి సరిగ్గా ఆ చోటే వెతికితే చిన్న కార్టికల్ డిస్‌ప్లేసియా, అంటే మెదడు పైపొర పుట్టుకతోనే సరిగ్గా ఏర్పడని చోటు, బయటపడింది. ఎక్కడ వెతకాలో తెలియనప్పుడు అంత చిన్న తేడా ఎంత అనుభవం ఉన్న కంటికైనా తప్పిపోతుంది, అందుకే ఈ రెండు టెస్టుల్లో ఏది గొప్ప అన్న పోలికే నాకు నచ్చదు.

కొత్త పరికరాలు వస్తున్నాయి, 7 టెస్లా ఎంఆర్ఐకి అమెరికాలో 2017లోనే వైద్య అనుమతి వచ్చింది. నాకు ఎక్కువ ఆశ కలిగించేది మాత్రం ఎంఈజీ. మెదడు కరెంటు వల్ల పుట్టే అయస్కాంత క్షేత్రాన్ని అది కొలుస్తుంది, పాత మెషీన్లలో సెన్సర్లను ద్రవ హీలియంతో మైనస్ 269 డిగ్రీల దగ్గర ఉంచాలి కాబట్టి రోగి దాని కింద తల కదపకుండా కూర్చోవాల్సిందే. ఇప్పుడు అంత చల్లదనం అక్కర్లేని ఆప్టికల్ సెన్సర్లు వచ్చాయి, వాటిని హెల్మెట్‌లా తలకు పెట్టుకుని కాస్త కదులుతూ కూడా రికార్డు చేయవచ్చని 2018లో చూపించారు. ఒక్క నిమిషం కుదురుగా ఉండలేని చిన్నపిల్లలను రోజూ చూస్తాను, వాళ్లకు ఇది త్వరగా అందుబాటులోకి రావాలని గట్టిగా కోరుకుంటున్నాను.

ఇక మీ తమ్ముడి విషయం. ముందురోజు తలస్నానం చేయించండి, నూనె రాయొద్దు. నిద్ర తగ్గించి రమ్మంటే అలాగే రండి, టెస్టులో కునుకు పడితేనే చాలాసార్లు అసలు విషయం తెలుస్తుంది. డాక్టరు చెప్పకుండా మందులు మాత్రం ఆపకండి. మొదటి ఈఈజీ నార్మల్ వస్తే మూర్ఛ లేదని అనుకోవద్దు, మూర్ఛ ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి మొదటిసారి ఏమీ కనిపించదు, అవసరమైతే ఈఈజీతో పాటే రోగిని వీడియో కూడా తీసే వీడియో ఈఈజీ ఉంది. ఈలోగా మళ్లీ ఫిట్స్ వస్తే ముందు పక్కకు ఒత్తిగిలించండి, ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే వెంటనే అంబులెన్స్ పిలవండి. పక్కన ఇంకొకరుంటే ఫోన్‌లో వీడియో తీయమనండి, తల ఏ వైపు తిరిగిందో, ఏ చెయ్యి ముందు కదిలిందో అందులో కనబడితే డాక్టరుకు చాలా పనికొస్తుంది.