మీరు అడగండి, నేను సాగదీస్తాను

ఈ వారం ఉత్తరాలన్నీ పిల్లులూ తిథులూ పుస్తకాల మీదే వచ్చాయి బాబూ. రాజకీయాలు ఒక్కరూ అడగలేదు, ప్రాణం హాయిగా ఉంది.

మా పిల్లి పేపరు చదవనివ్వదండీ. ఇలా పరిచానో లేదో సరిగ్గా నేను చదివే చోటే వచ్చి కూర్చుంటాది. దీనికేటి రోగం?
– ఓ రిటైర్డ్ మాస్టారు, రాజాం

రోగం కాదు మాస్టారూ, పెత్తనం. మీ కళ్ళు ఎక్కడుంటే అది అక్కడుండాలి, పైగా గచ్చు కన్నా పేపరు వెచ్చగా ఉంటాది. మా ఇంట్లో ఉన్నదానికైతే చదువు ఇంకా ఎక్కువ, వంటింటి గోడకున్న క్యాలెండర్‌ని కింద నుంచి గోకి గోకి 28, 29, 30 లేకుండా చేసేసింది. ఆ గడుల్లోనే మా ఆవిడ పాల లెక్క రాసుకుంటాది, లీటరుకి టిక్కు, అర లీటరుకి సగం గీత, నాగా అయితే సున్నా. నెలాఖరుకి పాలాయన వచ్చి "మూడ్రోజులు ఏవైపోయాయేటమ్మా" అంటే మేం నాగాలే అన్నాం, ఆయన పోశానన్నాడు, చివరికి ఆ పాలు తాగిందెవరో లెక్క చింపిందెవరో అందరికీ తెలిసిపోయి నోరుమూసుకుని డబ్బులిచ్చేశాం.

ఇంకోటి చెప్పాలి, ఉగాది నాడు మా మనవరాలు పచ్చడి వేలికి రాసి దాని మూతి దగ్గర పెడితే వాసన చూసి తోకెత్తుకుని పోయింది. పిల్లులకి తీపి తెలీదట్లెండి, నాలుక మీద ఆ రుచి పట్టే ఏర్పాటే పనిచెయ్యదు. ఆరు రుచుల్లో ఒకటి ఎగ్గొట్టి మనకన్నా సుఖంగా బతుకుతోంది.

మా అమ్మాయి 2006 వినాయక చవితి నాడు పుట్టింది, అది ఆగస్టు 27. మా అత్తగారు చవితికే చెయ్యాలంటారు, పిల్లేమో 27నే కేకు కొయ్యాలంటాది. పోయినేడు రెండూ ఒకే రోజొచ్చాయి, గొడవ లేదు. ఈ ఏడు మళ్ళీ విడిపోయాయి. ఏం చెయ్యమంటారు?
– ఓ తల్లి, బొబ్బిలి

పోయినేడు అమ్మాయికి 19 నిండాయి కదండీ, కిటుకంతా అక్కడే ఉంది. చంద్రుడి పన్నెండు నెలలూ కలిపితే 354 రోజులే, సూర్యుడి ఏడాదికి ఓ 11 తక్కువ, అందుకని తిథి ఏటా వెనక్కి జారుతుంటాది, అలాగే వదిలేస్తే కొన్నేళ్ళకి దసరా వెళ్ళి రోహిణి కార్తెలో పడుతుంది, అందుకే రెండున్నరేళ్ళ పైచిలుకుకి ఓ అధిక మాసం వేసి ముందుకి లాగుతారు. 19 ఏళ్ళలో అలాంటివి 7 పడతాయి, అప్పటికి రెండు లెక్కలూ దగ్గరదగ్గరగా కలుస్తాయి, ఓ రోజు అటూ ఇటూ. ఈ ఏడు మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం కాబట్టి చవితి సెప్టెంబరు 14కి వెళ్ళిపోయింది. ఈ 19 ఏళ్ళ లెక్కన మళ్ళీ దగ్గరపడేది అమ్మాయికి 38 నిండినప్పుడు, అప్పటికి దాని పిల్లలే తగువు తీరుస్తారు. ఈలోగా 27న కేకు, చవితికి ఉండ్రాళ్ళు కానిచ్చేయండి. రెండు పుట్టినరోజులు వద్దన్న పిల్లని నేనైతే చూళ్ళేదు.

హైదరాబాద్‌లో ఉంటాం. విజయనగరం సిరిమాను జాతర తేదీ ఏటా మారిపోయి లీవు తప్పిపోతోంది. ముందే తెలిసే దారుందా?
– మీ ఊరి కుర్రాడు

తేదీ అడక్కు నాయనా, వారం అడుగు. విజయదశమి వెళ్ళాక వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను, అదే పొడవాటి మాను కొసన పూజారి గారిని కూర్చోబెట్టి తిప్పే ఉత్సవం. 2023లో అక్టోబరు 31, 2024లో 15, 2025లో 7. మరి దసరాయే మంగళవారం పడితేనో? 2019లో అలాగే 8న పడింది, సిరిమాను 15న తిరిగింది. ఈ ఏడు దసరా కూడా అక్టోబరు 20, మంగళవారమే. అందుకని 27 మీద పెన్సిల్‌తో సున్నా చుట్టు, గుడివాళ్ళు చెప్పాక పెన్నుతో దిద్దుకో. ముందురోజు తొలేళ్ళ ఉత్సవం కాబట్టి లీవు రెండ్రోజులు. రైలు టికెట్లు 60 రోజుల ముందే తెరుస్తారు, ఆ పొద్దున పడుకోకు. గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతాది, ఆకాశంలో ఊగుతున్న పూజారి గారి మీదకి జనం అరటిపళ్ళు విసురుతారు, ఎవరో గురి తప్పి విసిరింది ఓసారి నా కళ్ళజోడు మీద చితికింది, ఆ రెండో ప్రదక్షిణంతా నాకు పసుప్పచ్చగానే కనపడింది.

శ్రీకూర్మంలో తాబేళ్ళని చూసొచ్చాక మా గుంటడు ఇంట్లో ఒకటి పెంచుదామంటున్నాడు.
– నరసన్నపేట

వద్దు. ఆ నక్షత్ర తాబేళ్ళని ఇంట్లో పెంచడం చట్టప్రకారం నేరం, రామచిలకైనా అంతే. వాడికి ఆకుకూర కొనిచ్చి మళ్ళీ గుడికే తీసుకెళ్ళండి.

పుస్తకాలు కొంటాను గానీ చదవను. బీరువా నిండింది, మా ఆయన కొత్తది కొంటే ఊరుకోనంటున్నారు.
– టెక్కలి

నాదీ మీ కేసే అమ్మా. శ్రీకాకుళంలో కథానిలయం ఉంది కదా, 1997లో కాళీపట్నం రామారావు మాస్టారు తెలుగు కథలన్నీ ఒక్కచోట ఉండాలని పెట్టింది. మీ ఆయన్ని ఓ పూట అక్కడ కూర్చోబెట్టి తీసుకురండి, ఇంటికొచ్చేసరికి మీ బీరువా అగ్గిపెట్టెలా కనిపిస్తుంది. మొన్న నేనూ అటక మీంచి ఓ కథల పుస్తకం దించాను, 43వ పేజీలో పాలకొండ బస్సు టికెట్టు, ఎవరింటికి వెళ్ళానో ఎంతకీ గుర్తురాలేదు గానీ కథ ఎక్కడ ఆపానో ఠక్కున గుర్తొచ్చింది. సరే 44 మొదలెడదామని మంచం మీద తెరిచి పెట్టి కళ్ళజోడు కోసం వెళ్ళాను, వచ్చేసరికి 43 మీద పిల్లి పడుకునుంది.