40 కౌంట్ అంటే ఎన్ని గ్రాములు?

ప్రశ్న: నమస్కారం మేడమ్. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. బీఎస్సీ మ్యాథ్స్ అయ్యాక 2001లో బీఎడ్ చేశాను. కానీ ఇంటి అవసరాల కోసం భీమవరంలో ఓ రొయ్యల కంపెనీ అకౌంట్స్‌లో చేరి 22 ఏళ్లు అక్కడే ఉండిపోయాను. బీసీని, వయసు 46. ఇప్పుడు పిల్లలకు లెక్కలు చెప్పాలని ఉంది. ఆ పాత బీఎడ్ చెల్లుతుందా? ఇన్నేళ్లూ వృథా చేసుకున్నానేమో అని దిగులుగా ఉంది.

జవాబు: బీఎడ్‌కి గడువు తీరడం అంటూ ఉండదమ్మా. మీరు చదివినప్పుడు అది ఏడాది కోర్సు, 2015 నుంచి రెండేళ్లు చేశారు, అంతమాత్రాన మీ పట్టా చెల్లకుండా పోదు. మీ దగ్గర లేనిది టెట్, అంటే టీచర్ అర్హత పరీక్ష. మన దగ్గర అది 2011లో మొదలైంది, మీ రోజుల్లో ఆ ఊసే లేదు.

మీరు రాయాల్సింది అందులో లెక్కల టీచర్ల పేపర్ 2ఎ. 150 ప్రశ్నలు, బీసీలకు 75 మార్కులొస్తే పాస్, నెగెటివ్ మార్కులు లేవు, ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది. లెక్కల గురించి మీకు టెన్షన్ అక్కర్లేదు. శిశు వికాసం, బోధనా పద్ధతుల మీద వచ్చే 30 ప్రశ్నలున్నాయి చూశారూ, పిల్లల మనస్తత్వం మీద పనిచేసిన పియాజే పేరు విని ఇరవై ఏళ్లు దాటి ఉంటుంది కదా, రోజూ ఓ గంట వాటికే ఇవ్వండి.

సర్కారు బడి కావాలంటే ఆ తర్వాత డీఎస్సీ, అంటే టీచర్ల నియామక పరీక్ష. 2025 మెగా డీఎస్సీలో బీసీలకు వయోపరిమితి 49, ఆ లెక్కన మీకున్నది మూడేళ్లే, వచ్చే ఏడు చూద్దాంలే అనుకోవద్దు. టెట్ మార్కులకు అందులో 20 శాతం వెయిటేజీ ఉంది, 75 దగ్గర ఆగిపోకండి. ఎస్జీటీ, అంటే ప్రాథమిక బడి టీచర్ దారి బీఎడ్ వాళ్లకు 2023 ఆగస్టు సుప్రీంకోర్టు తీర్పుతో మూసుకుపోయింది, హైస్కూల్లో లెక్కలు చెప్పే స్కూల్ అసిస్టెంట్ మ్యాథ్స్ పోస్టుకే గురిపెట్టండి.

వృథా అన్న మాట మాత్రం నాకు నచ్చలేదు. ఎనిమిదో తరగతిలో విలోమానుపాతం చెప్పేటప్పుడు మేమంతా పనివాళ్లు, రోజులు అంటూ అదే లెక్క తిప్పితిప్పి చెబుతాం. మీరు మీ ఊరి పిల్లలను అడగండి, 40 కౌంట్ అంటే కిలోకి 40 రొయ్యలు, ఒక్కోటి ఎంత తూగుతుంది? 25 గ్రాములు. మరి 100 కౌంట్? పది గ్రాములు. కౌంట్ పెరిగేకొద్దీ రొయ్య చిన్నదవుతుందని చెరువు గట్టు మీద పెరిగిన పిల్లాడికి పుస్తకం తెరవకుండానే తెలుసు, దాని పేరే విలోమానుపాతం అని చెప్పే టీచర్ కావాలి వాడికి.

ఈ ఆదివారం పక్కింటి పిల్లను అరుగు మీద కూర్చోబెట్టుకుని ఆ ఒక్క పాఠం చెప్పి చూడండి. ఎక్కడ తడబడ్డారో నాకు రాయండి.