క్లేర్ వాజాన్ హాడ్జ్ ప్రతిపాదన తప్పని నిరూపించారా?

లేదు, ఈ ఫ్రెంచ్ గణితవేత్త 2002లో తప్పని తేల్చింది అసలు హాడ్జ్ ప్రతిపాదనను కాదు, దాన్ని కేలర్ ఆకారాలనే (సంకీర్ణ సంఖ్యలతో నిర్మించి, దూరాలను ఒక ప్రత్యేక పద్ధతిలో కొలవగల ఆకారాలు) పెద్ద కుటుంబానికి విస్తరించిన రూపాన్ని.

వృత్తాన్ని ఒక సమీకరణంతో రాసినట్టే, బీజగణిత జ్యామితి తన ఆకారాలను బహుపది సమీకరణాలతో నిర్వచిస్తుంది. అలాంటి నునుపైన ఆకారానికి ఉండే కొన్ని ప్రత్యేక లక్షణాలు, అంటే హాడ్జ్ వర్గాలు, దానిలోనే సమీకరణాలతో గీయగల చిన్న ఆకారాల నుంచి వస్తాయన్నది హాడ్జ్ ఊహ. కేలర్ ఆకారాల్లోనైతే ఏ సమీకరణానికీ లొంగనివి కూడా ఉంటాయి.

టోరస్‌నే చూడండి. ఒక సంకీర్ణ పరిమాణంలో, అంటే రెండు మామూలు పరిమాణాల్లో, అది మన గారె ఉపరితలమే. దాన్ని ఎప్పుడూ ఘన సమీకరణంతో రాయవచ్చు. రెండో పరిమాణం నుంచే చాలా టోరస్‌లకు సమీకరణాలు దొరకవు. వాజాన్ నాలుగు పరిమాణాల టోరస్‌లను ఎంచుకున్నారు. చిన్న ఆకారాలకు బదులు కోహెరెంట్ షీఫ్‌లనే మరింత ఉదారమైన సాధనాలను అనుమతించినా, అక్కడి హాడ్జ్ వర్గాలన్నీ దక్కవని చూపారు.

విస్తరించిన రూపం వీగిపోయింది కాబట్టి అసలుదీ పోయిందనుకోవడమే చాలామంది చేసే పొరపాటు. పది లక్షల డాలర్ల బహుమతి ఉన్న ఆ ప్రశ్న ఇంకా తేలలేదు. అది నిజమైతే, దాని రుజువు ఎక్కడో ఒకచోట సమీకరణాలను వాడుకోక తప్పదు. కేలర్ పద్ధతులొక్కటే చాలవు. 2024లో ఆమెకు దక్కిన క్రాఫోర్డ్ బహుమతి కూడా ఈ సమస్యను తేల్చినందుకు కాదు, సంకీర్ణ, బీజగణిత జ్యామితుల్లో ఆమె మొత్తం కృషికి.