కొత్త మోటారు దగ్గర మోడల్ తడబాటు

ప్రశ్న: బేరింగ్ లోపం పట్టడానికి ఎంపీయూ-6050 అనే కదలికలు కొలిచే సెన్సర్‌తో 3 మోటార్ల కంపనాలను సెకనుకు 80 సార్లు తీశాను. ఆ రీడింగులను సగం సగం ఒకదానిపై ఒకటి ఎక్కేలా ముక్కలు కోసి, కలగలిపి, కొన్నిటితో మెషిన్ లెర్నింగ్ మోడల్‌కు నేర్పాను. మిగతావాటితో పెట్టిన పరీక్షలో 98 శాతం సరిగ్గా చెప్పింది. కొత్త మోటారుకు పెడితే అన్నీ తప్పులే. ఎందుకండీ?

జవాబు: ఆ 98ని నమ్మకండి. పక్కపక్క ముక్కల్లో సగం డేటా ఒకటే కాబట్టి, పాఠంలో చూసిందే పరీక్షలోనూ వచ్చింది. రెండు మోటార్లతో నేర్పి, మూడోదాన్ని పూర్తిగా పరీక్షకే ఉంచండి. అంకె పడిపోతుంది, పడనివ్వండి.

అసలు చిక్కు రీడింగుల్లోనే ఉంది. నిమిషానికి 3000 చుట్లు తిరిగే మోటారు కంపనం 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 సార్లు. సెకనుకు 80 రీడింగులు తీస్తే అందులో సగం, అంటే 40 హెర్ట్జ్ దాటిన కంపనం సరిగ్గా అందదు. ఆ 50 కాస్తా 30 దగ్గర దొంగ శిఖరమై కనిపిస్తుంది. సెకనుకు 1000 తీయండి. సెన్సర్ నుంచి బోర్డుకు డేటా మోసే ఐ2సీ లైను వేగం 100 కిలోహెర్ట్జ్‌లోనే ఉంటే మధ్యలో రీడింగులు జారిపోవచ్చు, 400కి మార్చండి.