సందేహాలు – సమాధానాలు: గని చూసుకునేవాడు వీక్షకుడా?

సందేహం: 19వ శతాబ్దపు ఇంగ్లండ్ బొగ్గుగనుల ఇంజినీరు జాన్ బడిల్ మీద వచ్చిన ఒక అనువాదంలో, ఆయన చేసిన 'వ్యూయర్' ఉద్యోగాన్ని 'గని వీక్షకుడు' అన్నారు. సరైనదేనా? 'ఖనకుడు' అనవచ్చా?

సమాధానం: వీక్షకుడు కుదరదండీ. ఈమధ్య పత్రికల్లో మంత్రిగారు పంట చూసినా వీక్షించడమే, పిల్లలు కార్టూన్ చూసినా వీక్షించడమే. 'చూడు' మనకు అంత కానిమాట అయిపోయిందా? తెలుగులో చూడటం కళ్లతో ఆగదు. పొలం చూసుకునేవాడు, వ్యవహారాలు చూసేవాడు అంటే బాధ్యత మోసేవాడనే. ఇంగ్లండ్‌లో టైన్ నది ఒడ్డు గనుల్లో వ్యూయర్ చేసిందీ అదే.

బడిల్ 1806లో తండ్రి తర్వాత వాల్స్‌ఎండ్ గని బాధ్యత తీసుకున్నాడు. ఒకచోట నేల కుంగితే అది గనంతా పాకకుండా, మధ్యలో మందమైన బొగ్గు గోడలు వదిలి పని చేయించాడు. గాలిని ఒకే దారిన తిప్పకుండా పాయలుగా చీల్చి పంపాడు. 1816 జనవరిలో, గనివాళ్లకోసం చేసిన, సన్నని తీగల వల కప్పిన డేవీ దీపాన్ని హెబ్బర్న్ గనిలో మండే వాయువు మధ్య పరీక్షించాడు. మంట వల దాటలేదు. అయినా 1835లో ఆయన వాల్స్‌ఎండ్‌లోనే పేలుడు జరిగి 102 మంది పోయారు. ఇంత బరువు మోసినవాణ్ణి వీక్షకుడంటే నా మనసు ఒప్పుకోదు.

ఇక ఖనకుడు. నాకు చాలా ఇష్టమైన మాట. 'ఖన్' అంటే తవ్వడం. ఖని, ఖనిజం, కోట చుట్టూ తవ్వే పరిఖ, అన్నీ ఆ ధాతువు పిల్లలే. మన గని ఆ ఖనికి తద్భవం. ఆదిపర్వంలో విదురుడు పాండవుల దగ్గరికి పంపింది ఒక ఖనకుణ్ణే. అతడు లక్క ఇంటి నడుమ బిలం తవ్వి, పురోచనుడి కంట పడకుండా దాని నోటికి నేలతో సమంగా తలుపు బిగించాడు. చరిత్రకెక్కిన రాజుల మధ్య పేరైనా లేని ఆ పనివాడి నేర్పు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. అయితే అతడు స్వయంగా తవ్వినవాడు. బడిల్ తవ్వించినవాడు. కవిత్వంలో చెల్లుతుందేమో, వ్యాసంలో వద్దు.

పర్యవేక్షకుడు తప్పు కాదు గానీ స్థాయి తగ్గిస్తుంది. గని మేనేజరు దగ్గరగా ఉంటుంది, కానీ వ్యూయర్ పలు గనులకు సలహాదారుగానూ ఉండేవాడు. నేనైతే వ్యూయర్‌నే ఉంచి, మొదటిసారి 'గనులు చూసుకునే పెద్ద ఇంజినీరు' అని విప్పుతాను. ఇంగ్లీషు మాట అలాగే ఉంచడం కొత్తేమీ కాదు: బడిల్ కాలపు గనుల్లో లోపలి పనిని చూసుకునే 'ఓవర్‌మన్' సింగరేణిలో ఇప్పటికీ ఓవర్‌మనే. అక్కడి కార్మికులు గనిని మాత్రం 'బాయి' అని పిలుచుకున్నారు.