మోటార్ ఉయ్యాల వద్దు, శబ్దం మెషిన్ అయితే దూరంగా పెట్టండి

మూడు నెలల పాప రాత్రి పన్నెండైనా పడుకోవడం లేదు, మోటార్ ఉయ్యాల కొనాలా, ఫ్యాను హోరులాంటి శబ్దం ఒకేలా చేస్తూ ఉండే వైట్ నాయిస్ మెషిన్ తెప్పించాలా, కెమెరా కూడా పెట్టాలా అని అడిగారు. మోటార్ మాత్రం వద్దండీ. మా ఇంట్లో వాడాం కాబట్టి గట్టిగానే చెబుతున్నా.

మాది తిరుపతి. ఇక్కడ బిడ్డ పుడితే స్లాబు కొక్కేనికి చీర కట్టి ఉయ్యాల వేయడం మామూలే. ఇప్పుడు ఆ చీరకు పైన స్ప్రింగు, దానికొక మోటారు తగిలిస్తున్నారు, స్పీడు తిప్పి పెడితే దానంతట అదే ఊగుతూ ఉంటుంది. మా ఆయన మేనమామ చిత్తూరు నుంచి తెచ్చి, దగ్గరుండి బిగించి వెళ్లారు. కొద్దిరోజులకే మా వాడికి అది ఊగితేనే నిద్ర అనే పరిస్థితి వచ్చింది.

మే నెలలో ఒక రాత్రి గాలివానకు కరెంటు పోయింది. ఫ్యాన్లు ఇన్వర్టర్ మీద తిరుగుతున్నాయి గానీ మోటార్ పెట్టిన ప్లగ్గుకు ఆ లైన్ లేదు. ఉయ్యాల ఊపు తగ్గుతూ తగ్గుతూ ఆగింది, ఆగీ ఆగకముందే వాడు ఎవరో తట్టి లేపినట్టు ఏడుపు అందుకున్నాడు. మా ఆయన చీర పట్టుకుని చేత్తో లాగుతున్నారు, స్ప్రింగు కిర్రుకిర్రుమంటోంది, వాడేమో ఇంకా గుక్కపట్టి ఏడుస్తున్నాడు. చివరికి మా అవ్వ లేచొచ్చి, వాణ్ణి ఉయ్యాల్లోంచి తీసి భుజాన వేసుకుని, లైటు కూడా వేయనీకుండా వీపు తడుతూ హాల్లో అటూ ఇటూ తిరిగింది. వాడు ఆమె పైట అంచు పిడికిట్లో పట్టుకుని, వెక్కుతూ వెక్కుతూ నిద్రపోయాడు. "ఊపేదానికి ఇంట్లో మనుషులే లేరా" అనింది అవ్వ. మరుసటి రోజే ఆ మోటార్ విప్పించేశాం.

కరెంటు సంగతి పక్కన పెట్టినా, మెడ నిలవని పిల్లల్ని రాత్రంతా చీర ఉయ్యాల్లో ఉంచకూడదు. వీపు ఒంగి గడ్డం ఛాతీకి ఆనితే ఊపిరి సరిగా ఆడదు. మెత్తగా దిగబడని, చదునైన పరుపు మీద, దిండు లేకుండా వెల్లకిలా పడుకోబెట్టడమే సురక్షితం.

వైట్ నాయిస్ మెషిన్ పనికొస్తుంది, కాదనను, కానీ బిడ్డ తల పక్కన పెట్టి ఫుల్లు సౌండు పెట్టేవాళ్లను చూస్తే నాకు టెన్షన్. 2014లో 'పీడియాట్రిక్స్' అనే వైద్య పత్రికలో 14 మెషిన్లు పరీక్షించి రాశారు. పూర్తి సౌండులో మూడు మెషిన్లు 85 డెసిబెల్స్ దాటాయి. ఆస్పత్రుల్లో పసిపిల్లల గదికి పెట్టుకున్న హద్దు 50. కాబట్టి ఏడడుగుల దూరంలో, సౌండు బాగా తగ్గించి పెట్టండి, నిద్ర పట్టాక ఆపేయండి. మా ఇంట్లో అయితే టేబుల్ ఫ్యాను గోడ వైపు తిప్పి పెడితే ఆ హోరుకే సరిపోయింది.

అసలు తిరుపతిలో పిల్లల నిద్ర చెడగొట్టేది చుట్టాలు. దర్శనం చేసుకుని కొండ దిగి రాత్రి పదింటికి వస్తారు, వచ్చీ రాగానే ట్యూబ్‌లైటు వేసి "ఏదీ, బిడ్డను చూపించండి" అంటారు. పొద్దున చూద్దురుగానీ అని మొహమాటం లేకుండా చెప్పండి, ఎవరేమనుకున్నా సరే. పగలూ రాత్రీ తేడా బిడ్డ ఒంటికి తెలిసొచ్చేది సరిగ్గా రెండు మూడు నెలల వయసులోనే. పగలు కిటికీలు తీసి వెలుతురు రానివ్వండి, సాయంత్రం ఏడు దాటాక లైట్లు తగ్గించండి, రాత్రి పాలిచ్చేటప్పుడు మాటలూ ఆటలూ వద్దు.

కెమెరా అయితే దండగ. కనీసం ఆరు నెలలు వచ్చేదాకా బిడ్డ మీ గదిలోనే, మీ మంచం పక్కన వేరే పక్క మీద పడుకోవాలి. మూరెడు దూరంలో ఉన్న బిడ్డను ఫోన్లో చూడడం ఎందుకు? ఆ డబ్బుతో ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, బిడ్డ పడుకునే గదిలో ఫ్యాను ఇన్వర్టర్ లైన్ మీద ఉందో లేదో చూపించుకోండి, ఎండాకాలం రాకముందే.